పాపకు కొన్న ఆహారం పెట్టడం తప్పా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు నిండాయి. ఆరు నెలల వరకు నా పాలు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో చేరవలసి రావడంతో, పగటిపూట మా అత్తగారు పెట్టడానికి వీలుగా ఉంటుందని సెరియల్ పొడి, పండ్ల గుజ్జు పౌచ్‌లు, కూరగాయల గుజ్జు సీసాలు కొని ఉంచుతున్నాను. ఉదయం, రాత్రి నా పాలు తాగుతుంది. బరువు సరిగానే పెరుగుతోందని డాక్టర్ అన్నారు. ఈమధ్య ఇంట్లో మెదిపిన అన్నం నోట్లో పెడితే ఓకరిస్తోంది, ఉమ్మేస్తోంది. ‘డబ్బా తిండి మరిగించి పిల్ల నోరు పాడుచేశావు’ అని అత్తగారు నలుగురిలో అంటున్నారు. ఆవిడ పెట్టే ముద్దలో ఉప్పు వేస్తారు, పాప తినకపోతే తేనె నాకిస్తారు. మావారు ఏ పక్షమూ మాట్లాడరు. నేను చేస్తున్నది నిజంగా తప్పా?

జవాబు: మీరు అడిగినదానికి సమాధానం చెప్పేముందు, మీరు అడగకుండా ఉత్తరం చివర పైపైన రాసిన తేనె సంగతి చెప్పాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా ఇవ్వకూడదు. తేనెలో క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులు వాటిని ఎదగనివ్వవు గాని, పసిపిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. మలబద్ధకం, ఏడుపు గొంతు నీరసించడం, పాలు చప్పరించే బలం తగ్గడం, మెడ వాలిపోవడం దాని లక్షణాలు. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ జబ్బు అరుదైనదే, కాని తేనె మానెయ్యడం వల్ల పాపకు పోయేదేమీ లేదు. ఇంట్లో కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు కాబట్టి, మంచి తేనె అనీ కాచిన తేనె అనీ వాదించే పని కూడా లేదు. ఈ రోజే మానిపించండి.

ఇక మీ ప్రశ్న. మీరు తప్పు చేయలేదు. ఆరు నెలలు నిండాక ఘనాహారం మొదలుపెట్టాలని, దానితోపాటు రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు సరిగ్గా అలాగే చేశారు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పై ఆహారం ద్వారా రావలసింది రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య సుమారు 300. కాబట్టి మీ పాప నాలుగు చెంచాలు తిని మూతి తిప్పేస్తే అదేదో పెద్ద వైఫల్యమని బెంగపడనవసరం లేదు.

ఈ వయసులో అసలు లోటు వచ్చేది ఐరన్ దగ్గర. నెలలు నిండి పుట్టిన బిడ్డకు తల్లి కడుపులో ఉండగా చేరిన ఐరన్ నిల్వ దాదాపు ఆరు నెలలకే తరిగిపోతుంది, ఆ తర్వాత అవసరమైనంత ఐరన్ ఒక్క పాల నుంచే రాదు. ఐరన్ కలిపిన సెరియల్ పొడి ఈ ఒక్క విషయంలో, ఉత్త అన్నాన్ని పలచగా మెదిపి పెట్టడం కంటే మెరుగైనదని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఇంట్లో వండినదల్లా బలమైన ఆహారం, కొన్నదల్లా పనికిరానిది అనే లెక్క నిలబడదు. ఇంటి ముద్దలో పప్పో, గుడ్డో, మెత్తగా ఉడికించి నూరిన మాంసమో ఉంటేనే అది సెరియల్‌తో పోటీ పడగలుగుతుంది. పొడి కొనేటప్పుడు ఐరన్ కలిపారో లేదో చూడండి. పెట్టేటప్పుడు పక్కన విటమిన్ సి ఉన్న పండు గుజ్జు ఒకటి రెండు చెంచాలు పెడితే ఆ ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. బియ్యపు సెరియల్ ఒక్కటే రోజూ వాడకండి. వరి నేలలోంచీ నీళ్లలోంచీ ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని మిగతా ధాన్యాల కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పసిపిల్లల బియ్యపు సెరియల్‌కు 2020లో ప్రత్యేకంగా పరిమితి సూచించింది అందుకే. ఓట్స్, గోధుమ, ఇతర ధాన్యాల రకాలను మార్చి మార్చి పెడుతుంటే ఆ దిగులు ఉండదు.

సీసాలో గుజ్జు అన్ని నెలలు చెడకుండా ఉందంటే అందులో ఏ మందులో కలిపి ఉంటారని చాలామంది అనుమానిస్తారు, బహుశా మీ అత్తగారూ అనుమానిస్తుండవచ్చు. నిజానికి గాలి చొరకుండా మూసి, అధిక వేడితో శుద్ధి చేయడం వల్లనే అది నిలవ ఉంటుంది. మూత మధ్యభాగం లోపలికి కుంగి ఉండి, తెరిచినప్పుడు టప్పుమని చప్పుడు రావాలి. మూత పైకి ఉబ్బి ఉన్నా, ఆ చప్పుడు రాకపోయినా పారేయండి. సీసాలోంచి నేరుగా తినిపించకుండా, కావలసినంత గిన్నెలోకి తీసి పెట్టడం మంచిది. పాప నోట్లో పెట్టిన చెంచా తిరిగి సీసాలో మునిగితే ఎంగిలితోపాటు క్రిములూ చేరతాయి, ఎంగిలిలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని కరిగించి కాసేపటికే గుజ్జును నీళ్లలా చేసేస్తుంది. గిన్నెలో మిగిలినది పారేయాలి. సీసాలో మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, లేబుల్ మీద చెప్పిన గడువులోపల, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో, వాడేయాలి.

కొన్న ఆహారంలో నాకు అభ్యంతరం ఉన్నవి రెండు, ఒకటి తీపి, రెండోది నునుపు. తీపి సంగతి లేబులే చెబుతుంది. పదార్థాల పట్టికలో ఏది బరువులో ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. పైన పెద్ద అక్షరాలతో పాలకూర అనో బ్రోకలీ అనో ఉన్న పౌచ్‌ను తిప్పి చూస్తే మొదటి పేరు యాపిల్ గుజ్జు, రెండోది అరటి, పాలకూర ఎక్కడో చివర కనిపించడం మామూలే. చక్కెర కలపలేదన్న మాట అబద్ధం కాకపోవచ్చు గాని, అంత మెత్తగా నలిగిన పండులోని తీపి కూడా పంటి మీదా నాలుక మీదా దాదాపు చక్కెరలాగే పని చేస్తుంది. పండ్ల రసం గాఢద్రవం, మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ వంటి పేర్లు కనిపిస్తే ఆ సరుకు తిరిగి అల్మరాలో పెట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం వియన్నా, సోఫియా, బుడాపెస్ట్, హైఫా నగరాల్లో అమ్ముతున్న శిశు ఆహారాలను పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చింది. మూడు నగరాల్లో సగమో అంతకంటే ఎక్కువో సరుకుల్లో క్యాలరీలలో 30 శాతానికి పైగా చక్కెరల నుంచే వస్తున్నట్లు తేలింది. ఆరు నెలలు కూడా నిండని పిల్లలకు తగినవని చెప్పి అమ్ముతున్నవీ చాలానే బయటపడ్డాయి. కాబట్టి డబ్బా మీద అచ్చువేసిన వయసు అమ్మేవాడి మాట అని గుర్తుంచుకుంటే చాలు. పౌచ్ వాడవలసివస్తే మూతిని పాప నోటికి అందించకుండా, చెంచాలోకి పిండి పెట్టండి. గొట్టం నుంచి చప్పరిస్తే పళ్లు వచ్చే చోట తీపి నిలిచిపోతుంది, పైగా తను తింటున్నదేమిటో పాపకు కనబడదు, వాసన తెలియదు.

రెండోది నునుపు. మీ పాప అన్నం ఉమ్మేయడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సీసాలోని గుజ్జు ఏ రుచిదైనా ఒకే మెత్తదనంతో ఉంటుంది, నాలుకను ముందుకూ వెనక్కూ కదిపితే మింగుడుపడిపోతుంది. పలుకు ఉన్న ముద్దను మాత్రం నాలుకతో పక్కకు నెట్టి, చిగుళ్ల మధ్య నలిపి, కూడదీసి మింగాలి. ఆ విద్య పట్టుబడేది సుమారు ఆరు నుంచి పది నెలల మధ్యే. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, పలుకు ఉన్న ఆహారం పది నెలలు దాటాక మొదలుపెట్టిన పిల్లలు ఆ తర్వాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టినట్లు కనిపించింది. మీ పాపకు ఎనిమిది నెలలే. నోరేమీ పాడవలేదు, మీకు కావలసినంత వ్యవధి ఉంది.

రేపటినుంచి ఇలా చేసి చూడండి. తను ఇష్టంగా తినే కూరగాయ గుజ్జునే గిన్నెలోకి తీసి, ఉడికించిన బంగాళాదుంపను ఫోర్కుతో నలిపి ఒక చెంచా కలపండి. రెండు మూడు రోజులకొకసారి దుంప వంతు పెంచుతూ, గుజ్జు వంతు తగ్గిస్తూ రండి. ముద్ద అంతటా ఒకేలా గట్టిగా, గరుకుగా ఉండాలి. నీళ్లలాంటి జారులో మెతుకులు తేలుతుంటే పిల్లలు ఎక్కువ ఓకరిస్తారు, ఎందుకంటే జారును మింగబోతున్న నోటికి మెతుకు ఉన్నట్టుండి అడ్డుతగులుతుంది. మీరు మెదిపి పెట్టిన అన్నం పలచగా ఉండి ఉంటే అదే కారణం కావచ్చు. దానితోపాటు పండిన అరటిపండు ముక్క, మీ రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగేంత మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్క పాప చేతికే ఇవ్వండి. సగం నేలమీద, సగం జుట్టులో ఉంటుంది, ఉండనివ్వండి. ఒకసారి ఉమ్మేసిన పదార్థాన్ని నచ్చలేదని వదిలేయకుండా, బలవంతపెట్టకుండా ఎనిమిది పదిసార్లయినా వేర్వేరు రోజుల్లో రుచి చూపించాలి.

ఓకరింతను చూసి భయపడి చాలామంది తల్లులు మళ్లీ నున్నటి గుజ్జుకే వెళ్లిపోతారు. ఓకరిస్తున్న బిడ్డ ముఖం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది, ముద్ద ముందుకు వచ్చేస్తుంది. అది శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి. గొంతుకు అడ్డుపడినప్పుడు చప్పుడు ఉండదు, ఏడుపు రాదు, పెదవులు నీలిరంగుకు తిరుగుతాయి. అది క్షణం ఆలస్యం చేయకూడని ప్రమాదం. పాపను నిటారుగా కూర్చోబెట్టి, తింటున్నంతసేపూ ఒకరు ఎదుటనే ఉండాలి. గింజలు, పప్పు పలుకులు మెత్తగా పొడి చేయకుండా, ద్రాక్షలాంటి గుండ్రటి పండ్లు ముక్కలు చేయకుండా ఇవ్వకూడదు. ఈ తేడాలు, అడ్డుపడితే వీపు మీద తట్టే పద్ధతి మీ అత్తగారికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే పగలంతా పాప దగ్గర ఉండేది ఆవిడే.

అసలు మీ ఇంటి గొడవకు మూలం నాకు డబ్బాలో కనిపించలేదు. రోజంతా మనవరాలిని చూసుకుంటున్న మనిషికి, ఏం పెట్టాలో మూతలు బిగించి అప్పగించినప్పుడు, తన చేతి వంట మీద కోడలికి నమ్మకం లేదని అనిపించి ఉండవచ్చు. నలుగురిలో అనడం ఆవిడ తప్పు, ఆ మాట మీరు ఆవిడకు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పవచ్చు, చెప్పాలి. కాని అదే పూట మధ్యాహ్నపు ముద్ద పూర్తిగా ఆవిడకే వదిలేయండి. ఇంట్లోవాళ్లకు వండుతున్న పప్పు, కూరగాయల్లోంచి, ఉప్పూ కారమూ వేయకముందే పాప వంతు తీసి పక్కన పెడితే వేరే వంట అక్కర్లేదు. ఏడాదిలోపు పిల్లలకు అన్నీ కలిపి రోజుకు ఒక గ్రాము ఉప్పు కూడా దాటకూడదు. పాలలోనూ, ఇతర ఆహారంలోనూ సహజంగా ఉన్నదే దానికి సరిపోతుంది. చప్పగా ఉందని మనకు అనిపించేది పాపకు చప్పన కాదు, తనకింకా ఉప్పు రుచి అలవాటు కాలేదు. సెరియల్, సీసాలు ఆవిడకు ఒంట్లో బాగోలేని రోజుకు, ప్రయాణానికి, మీరు ఆలస్యంగా వచ్చే సాయంత్రానికి ఉంచుకోండి. వాటిని పూర్తిగా మానెయ్యమని నేను అనను.

మీవారు ఏ పక్షమూ మాట్లాడకపోవడం వల్ల బరువంతా మీ ఒక్కరి మీదే పడుతోంది. తేనె మాట తల్లికి ఆయనే చెప్పాలి, కొడుకు నోట వస్తే అది కోడలి ఆక్షేపణలా వినిపించదు. సెలవు రోజున కూరగాయలు ఉడికించి, నలిపి, మంచుగడ్డల ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టే పని కూడా ఆయనకే అప్పగించండి. వండినది రెండు గంటల్లోపు చల్లార్చి పెట్టాలి, తీశాక పొగలు వచ్చేదాకా వేడిచేసి, గోరువెచ్చగా అయ్యాక తినిపించాలి, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. వారానికి సరిపడా గడ్డలు ఫ్రీజర్‌లో ఉంటే సీసాల అవసరం దానంతట అదే సగం తగ్గుతుంది.

పాపను ఈసారి డాక్టర్‌కు చూపించేటప్పుడు అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. అంతకుముందు మూడు రోజులపాటు పాప ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎలాంటి ముద్దను ఉమ్మేసిందో ఒక కాగితం మీద రాసి, వాడుతున్న డబ్బాల లేబుళ్లు కూడా పట్టుకెళ్తే ఆయన సలహా మీ ఇంటికి సరిపోయేలా ఉంటుంది. బరువు పెరగడం ఆగినా, పాప పాలిపోయినట్లు కనిపించినా, తిన్న ప్రతిసారీ తాగిన ప్రతిసారీ దగ్గు వస్తున్నా ఆ తేదీ వరకు ఆగకండి. పది నెలలు నిండేసరికి ఏ రకమైన పలుకునూ నోట ఉంచుకోలేకపోతే, మింగడంలో ఇబ్బంది ఏదైనా ఉందేమో పరీక్షించమని మీరే అడగండి.