"వెంటనే" అంటే ఎంతసేపు?

కాంతి పడగానే పరమాణువులోంచి ఎలక్ట్రాన్ వెంటనే వచ్చేస్తుందా, టైమ్ పడుతుందా అని అడిగారు. పడుతుంది. ఇంటర్‌లో నేనూ ఇదే అడిగితే మా లెక్చరర్ "ఎంసెట్‌లో రాదు, కూర్చో" అన్నారు. పుస్తకంలో నానోసెకండ్ (సెకండులో వంద కోట్లో వంతు) లోపే కాబట్టి తక్షణమే అని ఉండేది. ఒక్క నానోసెకండ్‌లో 100 కోట్ల అటోసెకండ్లు పడతాయి, అంతా తక్షణమే అనేస్తే ఎలా?

2010లో జర్మనీలోని గార్చింగ్‌లో నియాన్ వాయువు మీద ఈ ఆలస్యం కొలిచారు. నియాన్ పరమాణువులో ఎలక్ట్రాన్లుండే శక్తి మెట్లలో 2ఎస్, 2పి అని రెండున్నాయి. 2ఎస్ ఎలక్ట్రాన్ కంటే 2పి ఎలక్ట్రాన్ దాదాపు 21 అటోసెకండ్లు లేటు. థియరీ వాళ్ళు ఎన్ని లెక్కలు కట్టినా అంత రాలేదు, ఏళ్ళ తరబడి అదే గొడవ. 2017లో స్వీడన్‌లోని లుండ్‌లో ఫిజిసిస్ట్ ఆన్ లూలియే బృందం తేల్చింది: ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతూ పోతూ ఇంకోదాన్ని పై మెట్టుకు తోసేస్తుంది కదా, అలాంటివి 2ఎస్ లెక్కలో కలిసిపోయాయి. వాటిని విడదీస్తే లెక్క కుదిరింది. నన్నడిగితే థియరీ వాళ్ళని ముందే నమ్మాల్సింది.

యూరప్‌లో నా పీహెచ్‌డీ రోజుల్లో ఇలాంటి కొలతే చేసేవాణ్ణి. లేజర్‌ని రెండు దారులుగా చీల్చి, ఒకదాన్ని ఆర్గాన్‌లోకి పంపి అటోసెకండ్ పల్సులు (అటోసెకండ్లపాటే ఉండే కాంతి మెరుపులు) పుట్టించి, రెండోదాన్ని కాస్త ఆలస్యంగా కలిపితే స్క్రీన్ మీద అలలు కనిపిస్తాయి. అవి ఎంత జరిగాయో చూస్తే ఎలక్ట్రాన్ ఎంత లేటో తెలుస్తుంది. ఓ రాత్రి రెండింటికి ఆ అలలు చెదిరిపోవడం మొదలైంది. పంపు చూశాను, గ్యాస్ చూశాను, అద్దాలన్నీ మళ్ళీ బిగించాను, ఏమీ లేదు. తీరా చూస్తే పైన ఏసీ ఆన్ అయినప్పుడల్లా చెదురుతున్నాయి! ఒక అటోసెకండ్‌లో కాంతి వెళ్ళేది 0.3 నానోమీటర్లే మరి, 21 అటోసెకండ్లంటే ఆరు నానోమీటర్ల తేడా, దానికి ఏసీ గాలి చాలదూ? ఇండియన్ స్టోర్‌లో కొన్న మామిడిపళ్ళ పెట్టె కోసి, టేపు వేసి, కాంతి వెళ్ళే దారి మీద బోర్లించాను. అలలు నిలబడ్డాయి. పొద్దున మా గైడ్ వచ్చి పెట్టె మీది మామిడిపండు బొమ్మ కాసేపు చూసి, ఏమీ అనకుండా కాఫీకి వెళ్ళిపోయారు.

ఈ అటోసెకండ్ పల్సులకి 2023లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన తర్వాత యూట్యూబ్ నిండా "ఎలక్ట్రాన్‌ని ఫొటో తీసిన కెమెరా" వీడియోలే, చూస్తే ఒళ్ళు మండుతుంది. అక్కడ కెమెరా లేదు, ఫొటో లేదు. ఒక ఎలక్ట్రాన్‌కీ ఇంకో ఎలక్ట్రాన్‌కీ మధ్య తేడానే మేం కొలిచేది, అదీ ఏసీ దయతలిస్తే.