చెస్ కోసం లాప్‌టాప్: ఐ9 కొనాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) రేటింగ్ 1580. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానని, చెస్ మాత్రం మానేది లేదని అంటోంది. ఎత్తులను విశ్లేషించే స్టాక్‌ఫిష్, ఆటల్ని దాచుకునే చెస్‌బేస్ ప్రోగ్రాములు నడవాలంటే ఐ9 ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందేనని అకాడమీలో తోటి తల్లిదండ్రులు చెబుతున్నారు. షాపులో లక్షన్నర చెప్పారు. మాకది భారం. కొనక తప్పదా?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అవసరం లేదు. అందులో సగం డబ్బులోనే ఆమె డిగ్రీ దాకా పనికొచ్చే లాప్‌టాప్ కోసం వెతకండి. మిగిలింది టోర్నమెంట్ల ఫీజులకు, రైలు టికెట్లకు ఉంచండి. రేటింగ్ పెరిగేది అక్కడే. రేపు క్రీడా కోటా అన్నా అడిగేది అక్కడి సర్టిఫికెట్లే. కోనేరు హంపికి ఓఎన్‌జీసీ ఉద్యోగం ఇచ్చింది ఆమె ఆట చూసే కదా!

ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి. స్టాక్‌ఫిష్ లెక్కలన్నీ ప్రాసెసర్ మీదే చేస్తుంది. 2020లో దానికి న్యూరల్ నెట్‌వర్క్ జోడించారు కానీ, అదీ ప్రాసెసర్ మీద నడిచేలా తయారుచేసినదే. గ్రాఫిక్స్ కార్డు నిజంగా కావలసింది లీలా చెస్ జీరో అనే మరో విశ్లేషణ ప్రోగ్రాముకి. 1580 రేటింగ్ దగ్గర లీలా లేని లోటేమీ తెలియదు. చెస్‌బేస్ ప్రధానంగా ఆటల భాండారం. దానికి విండోస్ ఉంటే చాలు, బరువైన మెషీన్ అక్కర్లేదు.

ఇక ప్రాసెసర్. స్టాక్‌ఫిష్ తన వెతుకులాటను కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాల) మధ్య పంచుకుంటుంది కాబట్టి కోర్లు ముఖ్యం. మోసపోయేదీ ఇక్కడే. ఇంటెల్ ఐ5-1235యూ అమ్మేటప్పుడు పది కోర్లు అంటారు. వాటిలో పెద్దవి రెండే, మిగతా ఎనిమిదీ తక్కువ కరెంటుతో నడిచే చిన్నవి. ఐ5-12450హెచ్‌లో ఉన్నవి ఎనిమిదే అయినా నాలుగు పెద్దవి. చివరి అక్షరం చూడండి: యూ అంటే బ్యాటరీ ఆదా కోసం చేసింది, హెచ్ అంటే ఎక్కువ కరెంటు తీసుకుని గట్టిగా పనిచేసేది. గంటల తరబడి విశ్లేషణ నడపాలంటే హెచ్ నయం.

ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ల పేర్లు ఇంకా తికమక. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానికి నాలుగు కోర్లు, లోపల 2019 నాటి జెన్ 2 డిజైన్. రెండోదానికి ఆరు కోర్లు, జెన్ 3. ఆ 7000 వరుసలో మూడో అంకె డిజైన్ తరాన్ని చెబుతుంది. షాపువాళ్లు మొదటి అంకె చూపించి కొత్తదంటారు, మీరు మూడోది చూడండి. ఆరు కోర్లు, మూడో అంకె 3 గానీ 4 గానీ ఉంటే మీ అవసరానికి చాలు.

పెట్టె మీద రాయని విషయం వేడి. నేనొకసారి ముచ్చటపడి పల్చటి లాప్‌టాప్ కొన్నాను. స్టాక్‌ఫిష్ మొదలుపెట్టగానే సెకనుకు చూసే స్థానాల (బోర్డు మీద పావుల అమరికల) సంఖ్య ఘనంగా కనిపించింది. పది నిమిషాలకు ఫ్యాను ఈల వేయడం మొదలైంది, ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. పల్చటి ఒంట్లో ఐ9 పెట్టినా ఇదే బాధ. కాస్త మందంగా, గాలి బయటికి పోయే దారి ఉన్నది తీసుకోండి. కొన్న మొదటి వారంలోనే ఛార్జర్ పెట్టి పావుగంట విశ్లేషణ నడిపించి ఆ సంఖ్య గమనించండి. పడిపోతుంటే, మార్చుకునే గడువు ఉండగానే వెనక్కి ఇచ్చేయవచ్చు.

ర్యామ్ 16 జీబీ ఉంటే స్టాక్‌ఫిష్‌కు 2 జీబీ హ్యాష్ (చూసిన స్థానాలను గుర్తుంచుకునే చోటు) ఇచ్చినా మిగతా పనులు ఆగవు. ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (కొన్ని పావులే మిగిలినప్పటి ఫలితాలన్నీ ముందే లెక్కకట్టిన ఫైళ్లు) ఎవరైనా చెబితే, రాజులతో కలిపి అయిదు పావులవి చాలు. ఒక జీబీ లోపే. ఆరు పావులవి దాదాపు 150 జీబీ, ఇప్పుడు వద్దు.

ఇంత తక్కువతో సరిపెడితే అమ్మాయి వెనకబడుతుందేమోనని మీకు అనిపించవచ్చు. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ ప్రత్యేకంగా తయారుచేసిన చిప్‌లతో సెకనుకు 20 కోట్ల స్థానాలు చూసేది. నేటి స్టాక్‌ఫిష్ మీ చేతిలోని ఫోనులో అందులో చిన్న వంతు మాత్రమే చూస్తూ కూడా దానికన్నా బాగా ఆడుతుంది. ఐ9 అదనంగా ఇచ్చేది అదే సమయంలో ఒకటి రెండు ఎత్తుల లోతు. 2024లో ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్‌ను మొదటి ఏళ్లలో కోచ్ విష్ణు ప్రసన్న అసలు స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్లకే దూరంగా ఉంచారు.

ఎంపీసీ తర్వాత కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లినా ఈ లాప్‌టాప్ చాలు. స్టాక్‌ఫిష్ సీ++లో రాసినది, కోడ్ ఉచితంగా దొరుకుతుంది. ఆసక్తి ఉంటే ఇంటర్ అయ్యాక తెరిచి చూడమనండి. ప్రస్తుతానికి ఇంట్లో ఒక పద్ధతి పెట్టండి: టోర్నమెంట్ నుంచి వచ్చాక ఓడిన ఆటను ముందు నోటుబుక్కులో, ఎక్కడ తప్పిందో తన మాటల్లో రాయాలి. రాసిన పేజీ మీకు చూపించాకే లాప్‌టాప్ తెరవాలి.