హెచ్.ఎం. కుర్చీ ఖాళీగా ఉంటే తప్పేం లేదు

హైస్కూళ్ల నిర్వహణ మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి జిల్లాలు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే సబ్జెక్టు టీచర్‌గా ఉండి ప్రమోషన్ మీద ఒక జెడ్.పి. హైస్కూలుకి హెచ్.ఎం.గా వచ్చాను. పొద్దున్నే స్టాఫ్ హాజరు యాప్, తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత భోజనం, గుడ్ల లెక్క, యూడైస్‌లో బడి వివరాలు ఎక్కించడం, మధ్యలో వాట్సాప్ గ్రూపులో 'అర్జెంట్' అంటూ ఏదో ఒక ఫార్మాట్, నెలాఖరుకి జీతాల బిల్లులు. సాయంత్రం బెల్లు కొట్టాక చూసుకుంటే ఆ రోజు ఒక్క క్లాసులోకీ వెళ్లలేదని తెలుస్తుంది. మీటింగుల్లో మాత్రం 'ప్రమాణాలు పెంచండి' అంటారు. ఎప్పుడు పెంచాలి సార్?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, పల్నాడు జిల్లా

జవాబు: మేడమ్, యాప్‌లు తగ్గుతాయని ఆశ పెట్టుకోకండి. ఒకటి పోతే రెండొస్తాయి. జీతాల బిల్లు, డబ్బు లెక్కలు, సర్వీసు రిజిస్టర్లు మీ సంతకం లేకుండా కదలవు, వాటిని ఇంకొకరి మీద వేయలేరు. మిగతా వివరాల పనిని జూనియర్ అసిస్టెంట్ ఉంటే ఆయనకి అప్పజెప్పండి. చాలా బళ్లలో ఆ పోస్టు ఖాళీగానే ఉంది, అప్పుడు మీరే చేయాలి, కానీ రోజులో ఒక గంట పెట్టుకుని ఆ గంటలోనే చేయండి. గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడల్లా లేచి ఫైళ్లు వెతికే అలవాటు మానుకుంటే చాలు, చాలా టైమ్ మిగులుతుంది. మధ్యాహ్నం అడిగిన లెక్క సాయంత్రం ఇస్తే కొంపలేం మునగవు.

మిగిలిన టైముతో ఏం చేయాలంటే, ముందు రెండు పీరియడ్లు కాపాడండి. ప్రార్థన అయిన వెంటనే వచ్చే మొదటి పీరియడ్, భోజనం తర్వాత వచ్చే పీరియడ్. మన బళ్లలో టైమంతా కారిపోయేది ఈ రెండు చోట్లే. ప్రార్థన సాగుతుంది, హాజరు వేసేటప్పుడు నలుగురు ఆలస్యంగా వస్తారు, భోజనం దగ్గర క్యూ పొడుగవుతుంది, చేతులు కడుక్కుని వచ్చేసరికి బెల్లు కొట్టి పది నిమిషాలవుతుంది. పూటకి పది నిమిషాలే కదా అనిపిస్తుంది గానీ, రోజుకి ఇరవై నిమిషాల చొప్పున విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకి చెప్పిన 220 పనిదినాలకి లెక్కేస్తే 4,400 నిమిషాలు, అంటే 45 నిమిషాల పీరియడ్లు 97 పైనే. ఒక సబ్జెక్టుకి మూడు నాలుగు నెలల పాఠాలు! దీనికి సర్క్యులర్ అక్కర్లేదు, మెమో అసలే అక్కర్లేదు. ఆ రెండు సమయాల్లో మీరు మీ గదిలో కాకుండా వరండాలో ఉండండి. ఎవరినీ ఏమీ అనకండి, ఊరికే నిలబడండి, కాస్త నడవండి. పది రోజుల్లో తేడా మీకే కనబడుతుంది.

రెండోది సెలవులు. టీచర్ సెలవు పెడితే ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోంది? లీజర్ (ఖాళీ పీరియడ్) ఉన్న వారెవరో వెళ్లి 'చప్పుడు చేయకుండా చదువుకోండి' అని కూర్చుంటారు, లేదంటే పీఈటీ గారు గ్రౌండుకి తీసుకెళ్తారు. సెలవు టీచర్ హక్కు, అందులో వాదన లేదు. ప్రతి టీచర్ దగ్గరా తన సబ్జెక్టులో రెండు మూడు పీరియడ్లకి సరిపోయే పనిపత్రాలు ముందే రాయించి మీ బీరువాలో పెట్టించండి. ఎవరి బదులు ఎవరు వెళ్లాలో చెప్పే సర్దుబాటు జాబితా ప్రార్థనకి ముందే స్టాఫ్ రూమ్‌లో అంటించండి. వెళ్లే టీచర్ చేతికి ఆ పత్రం కూడా వెళ్లాలి. నెలాఖరులో సర్దుబాటు రిజిస్టర్ తిరగేసి ఏ సెక్షన్‌కి ఏ సబ్జెక్టు ఎన్ని పీరియడ్లు పోయాయో కూడండి. ఆ రిజిస్టర్ అన్ని బళ్లలోనూ ఉంటుంది, కూడేవాళ్లు మాత్రం తక్కువ. 9-బి కి ఇంగ్లీషు తొమ్మిది పీరియడ్లు పోయాయని తేలిందనుకోండి, వచ్చే నెల వాటిని ఎక్కడ ఇరికించాలో ఆ టీచర్‌తో కూర్చుని చూడొచ్చు.

టైమ్‌టేబుల్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు, అయినా చెప్తాను. మంచి లెక్కల టీచర్‌ని, మంచి సైన్సు టీచర్‌ని మొత్తంగా పదో తరగతికి అంకితం చేసి, ఆరు ఏడు తరగతుల్ని ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి పంచేయడం మన హైస్కూళ్ల పాత జబ్బు. ఫలితాల భయం ఉంది, అర్థమవుతుంది. కానీ 2023లో 14-18 ఏళ్ల పిల్లల మీద జరిగిన 'అసర్' సర్వేలో నాలుగో వంతు మంది రెండో తరగతి స్థాయి పాఠాన్ని తమ భాషలోనే తడబడకుండా చదవలేకపోయారు, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం కంటే తక్కువ. సర్వే దేశంలో ఎంపిక చేసిన కొన్ని జిల్లాల్లోనే జరిగింది, అయినా మన తొమ్మిదో తరగతి గదిలో కూర్చుంటే అదేమీ వింతగా అనిపించదు. భాగహారం రాని పిల్లాడికి జనవరిలో పెట్టే స్పెషల్ క్లాసులో త్రికోణమితి ఎలా ఎక్కుతుంది? జూన్‌లో ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లనీ ఒక పేరా చదివించి, ఒక భాగహారం చేయించి, రానివాళ్ల జాబితా రాసుకోండి. మీ బడిలోని మంచి టీచర్ వారంలో కొన్ని పీరియడ్లయినా ఆ పిల్లల దగ్గర ఉండేలా టైమ్‌టేబుల్ వేయండి. ఫలితం కనబడేది నాలుగేళ్ల తర్వాత, ఈలోపు మీకు బదిలీ కూడా కావచ్చు, అయినా వేయండి.

చివరిగా నోటు పుస్తకాలు. క్లాసుకి అయిదు తెప్పించండి, కానీ 'మంచివి పంపండి' అనకుండా రోల్ నంబర్లు మీరే చెప్పండి. నేను హెచ్.ఎం.గా ఉన్నప్పుడు అలా తెప్పించిన ఒక సైన్సు నోట్సులో 'కిరణజన్య సంయోగక్రియలో మొక్కలు ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి' అని తలకిందులుగా ఉంది, దాని మీద ఎర్ర ఇంకుతో పెద్ద టిక్కు, కింద సంతకం, తేదీ. ఆ పేజీ చూపించి ఎవరినీ నిలదీయలేదు. అయిదు సెక్షన్ల నోట్సులు ఒక్క రాత్రిలో దిద్దిన చెయ్యి అలాగే టిక్కులు కొడుతుంది. ఆ తర్వాత మా బడిలో నోట్సులు దిద్దే పద్ధతే మార్చాం: వారానికి ఒక సెక్షన్, రెండే జవాబులు, కానీ పూర్తిగా చదివి.

ప్రశ్న: మా హెచ్.ఎం. సారుకి ఎం.ఇ.ఒ. (మండల విద్యాధికారి) బాధ్యత కూడా ఇచ్చారు. వారంలో సగం రోజులు బడిలో ఉండరు. ఉన్న రోజు చెప్పా పెట్టకుండా క్లాసులోకి వచ్చి, వెనక నిలబడి, రిజిస్టర్‌లో రిమార్కులు రాసి వెళ్లిపోతారు. ఆయనా నేనూ ఒకే డీఎస్సీ బ్యాచ్. పిల్లల ముందు చాలా టెన్షన్‌గా, అవమానంగా ఉంటోంది. ఆయన తెలుగు మాస్టారు, నేను చెప్పేది లెక్కలు!
– ఒక స్కూల్ అసిస్టెంట్, సిద్దిపేట జిల్లా

జవాబు: మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే, కానీ తెలుగు మాస్టారు లెక్కల క్లాసు చూడకూడదన్న మాట మాత్రం ఒప్పుకోను. లెక్క తప్పో ఒప్పో ఆయన చెప్పక్కర్లేదు. పీరియడ్ మొత్తంలో మీరు ఎంతమంది పిల్లల్ని ప్రశ్న అడిగారు, ఆ ప్రశ్నలన్నీ ముందు రెండు బెంచీల మీదే ఆగిపోయాయా, బోర్డు మీద లెక్క మీరే మొత్తం చేసేశారా లేక పిల్లలు సొంతంగా ఒక్కటైనా చేశారా, ఇవి చూడటానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు.

తప్పు ఆయన చూసే పద్ధతిలో ఉంది. ముందు రిజిస్టర్‌లో రాసి తర్వాత మాట్లాడటం, లేదా అసలు మాట్లాడకపోవడం, ఇది తనిఖీ అవుతుంది గానీ సాయం కాదు. సాయమంటే, ముందు రోజు చెప్పి, పీరియడ్ మొదట్నుంచి చివరిదాకా కూర్చుని, అదే రోజు లీజర్‌లో టీ తాగుతూ రెండు మాటలు మాట్లాడుకుని, ఇద్దరూ ఒప్పుకున్న ఒక్క విషయం మాత్రం రిజిస్టర్‌లో రాసి, పదిహేను రోజులకి మళ్లీ ఆ ఒక్క విషయమే చూడటం. నాకు తెలిసి టీచర్లు దీనికి ఎదురు చెప్పరు. మీరిద్దరూ ఒకే బ్యాచ్ కాబట్టి ఈ మాట మీరే అనండి: 'సార్, రేపు 8-ఎ లో భిన్నాలు చెప్తున్నాను, వెనక బెంచీల వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో కాస్త చూసి పెట్టండి' అని పిలవండి. పిలిచి చూపించేవారి దగ్గర రిమార్కుల పుస్తకం తీయడం ఎవరికైనా కష్టమే.

న్యూజిలాండ్‌లో వివియన్ రాబిన్‌సన్, ఆమె సహచరులు అప్పటికి వచ్చిన పరిశోధనల్ని కలిపి విశ్లేషించి 2008లో ప్రచురించారు. ప్రిన్సిపాళ్లు చేసే పనుల్లో పిల్లల చదువుతో అన్నింటికంటే బలమైన సంబంధం కనబడింది ఒకదానికి: టీచర్లు నేర్చుకునే చోట ప్రిన్సిపాల్ తానూ కూర్చుని పాల్గొనడం. మన దగ్గర చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు అందుకోసమే పెట్టారు. అక్కడికొచ్చి సంతకం పెట్టి, ఫోటో దిగి, భోజనాల వేళకి మాయమయ్యే హెచ్.ఎం.లు ఎంతమందో మీకు నేను చెప్పాలా!

ఇక ఆయన సగం రోజులు లేకపోవడం. అది ఆయన తప్పు కాదు, రెండు కుర్చీలు ఒకరికిచ్చినవాళ్లది. ఆయన లేని రోజు ఎవరు ఏం చూస్తారో కాగితం మీద రాసి ఉండాలి, నోటిమాటతో కుదరదు. సర్దుబాటు జాబితా ఎవరు వేస్తారు, భోజనం ఎవరు రుచి చూస్తారు, పిల్లకి జ్వరం వస్తే ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు. స్టాఫ్ మీటింగ్‌లో అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించండి. లేకపోతే హెచ్.ఎం. లేని రోజు బడి చూసుకునే సీనియర్ అసిస్టెంట్ గారి మాట ఎవరూ వినరు, ఆ కోపం ఈయన పిల్లల మీద చూపిస్తారు.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. తెలుగు పాఠం కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. బడి గేటు మీద మాత్రం 'పదో తరగతిలో 98 శాతం' అని ఫ్లెక్సీ కట్టారు. నేను తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను గానీ మీటింగ్‌కి పిలిచి సంతకం పెట్టించుకుని పంపేస్తారు. పెద్దసారుని ఎలా అడగాలి?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, గట్టిగానే అడగొచ్చు, కానీ గొడవగా వద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. మీరు అక్కడ అతిథులు కాదు. సంతకం పెట్టే ముందు 'ఏం రాశారో చదివి వినిపించండి సార్' అనండి. ఈ ఒక్క మాటకే మీటింగ్ తీరు మారుతుంది.

ఫ్లెక్సీ మీద శాతం చూసి మోసపోకండి. ఆ శాతం పరీక్ష రాసినవాళ్ల మీద లెక్క. అయిదేళ్ల కింద ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది పదో తరగతి పరీక్ష దాకా వచ్చారు, మధ్యలో పోయినవాళ్లు ఎక్కడికి పోయారు? అడ్మిషన్ రిజిస్టర్‌లో అంతా ఉంటుంది. ఈ మూడు లెక్కలు అడిగితే పెద్దసారు ఒక నిమిషం మీ వైపు చూస్తారు, చూడనివ్వండి. అలాగే ఎనిమిదో తరగతి పిల్లలకి ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మీ బడి నుంచి ఎంతమందితో దరఖాస్తు పెట్టించారని కూడా అడగండి. ఆ సంఖ్య బట్టి ఆఫీసు పిల్లల కోసం ఎంత కదులుతోందో తెలిసిపోతుంది.

మీ బాబు విషయానికొస్తే, అందరి ముందు కాకుండా విడిగా వెళ్లండి. బడిలో పెట్టిన పరీక్షల జవాబు పత్రాలు చూపించమని అడిగి, వాడితో ఒక పేరా పెద్దసారు ముందే చదివించండి. తెలుగు మేడమ్‌ని పిలిపించి, రోజూ పావుగంట ఎవరు చదివిస్తారు, ఏ పుస్తకం, నెల తర్వాత మళ్లీ ఎప్పుడు చూద్దాం అన్నది అక్కడే తేల్చుకోండి. 'చూస్తాంలే అమ్మా' అంటే కదలకండి, తేదీ అడగండి. ఇంట్లో మీరు చదవగలిగినా లేకపోయినా వాడు పైకి చదువుతుంటే పక్కన కూర్చోండి. ఈ వయసులో తోటివాళ్లు నవ్వుతారన్న సిగ్గే పెద్ద అడ్డు కాబట్టి, క్లాసులో నలుగురి ముందు నిలబెట్టి చదివించొద్దని మాత్రం మేడమ్‌కి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి మార్కుల మెమోలో మా ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. బడివాళ్లు 'బోర్డు తప్పు' అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఎక్కువసార్లు కాదండీ. బోర్డు అచ్చేసేది బడి పంపిన నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలో ఉన్నదే. ముందు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎలా ఉందో చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే ఆ పేజీ నకలుతో హెచ్.ఎం. గారి ద్వారానే సవరణకి దరఖాస్తు పెట్టాలి, ఆలస్యం చేయకండి, ఇంటర్ సర్టిఫికెట్‌లోనూ అదే తప్పు ఎక్కితే తిరగడం రెట్టింపవుతుంది. హెచ్.ఎం.లు ఎవరైనా ఇది చదువుతుంటే, నామినల్ రోల్ ఆన్‌లైన్‌లో పంపే ముందు ప్రింటు తీసి, పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, పుట్టుమచ్చలతో సహా ఒక్కొక్కరి చేతా చదివించి, ఇంటికి పంపి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. అరవై మంది పిల్లలుంటే రెండు రోజుల పని.