మంట ఆరిన మర్నాడు జేసీబీని గుమ్మం దాటనివ్వకండి

మీరు అడిగింది ఇది: ఒడిశాలోని బరంపురంలో మీ వీధిలో ఏళ్లుగా తాళాలేసి ఉన్న రెండు పాత పెంకుటిళ్లు నెల తేడాతో అర్ధరాత్రి కాలిపోయాయి. షార్ట్ సర్క్యూట్ అంటున్నారు, నిలిచిన గోడలు ప్రమాదమని కూల్చేస్తామంటున్నారు. నగరం ఏం చెయ్యాలి, వీధివాళ్లం ఏం చెయ్యగలం?

ముందు ఆపాల్సింది కూల్చివేత. పెంకుటిల్లు కాలి కూలినప్పుడు ఆ కథంతా నేలమీద పొరలుగా పడుతుంది. పైన పగిలిన పెంకులు, వాటి కింద కాలిన వాసాలు, ఆ కింద అటక మీది సామాను, అన్నిటికన్నా అడుగున గచ్చు. నిప్పు ఎక్కడ మొదలైందో చెప్పేది ఆ అడుగు పొరే. జేసీబీ ఒక్కసారి తొట్టెతో ఎత్తితే పొరలన్నీ కలిసిపోతాయి, ఆ తర్వాత ఎంత గొప్ప నిపుణుడొచ్చినా లాభం లేదు. గోడ నిజంగా వాలి ఉంటే సరుగుడు బాదులు ఏటవాలుగా ఊతంగా పెట్టి, గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో తాడు కట్టి మనుషుల్ని ఆపొచ్చు. మట్టి అడుసుతో కట్టిన గోడలు ఫైరింజను నీళ్లకు నాని వారాల తరబడి మెత్తగా ఉంటాయి. గోడ తలమీద టార్పాలిన్ కప్పి తాళ్లతో గట్టిగా బిగించండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, మన గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు.

షార్ట్ సర్క్యూట్ మాట తేల్చడం కష్టమేమీ కాదు. కరెంటు పంపిణీ సంస్థ టీపీఎస్‌ఓడీఎల్ ఆఫీసులో ఆ ఇంటి కనెక్షన్ ఎప్పుడు తీసేశారో, చివరి రీడింగు ఎంతో యజమాని చేత రాతపూర్వకంగా అడిగించండి. కరెంటే లేని ఇంట్లో షార్ట్ సర్క్యూట్ రాదు. కాకపోతే పక్క నుంచి దొంగతనంగా లాగిన వైరు ఉందేమో చూడాలి. రాగి తీగ చివర గుండ్రటి చిన్న పూస కట్టి, దాని పక్కనే తీగ మామూలుగా ఉంటే అక్కడ స్పార్క్ వచ్చినట్టు. తీగ మూరెడు మేర సాగి సన్నబడితే అది బయటి మంటకు కరిగింది. పూస కనబడింది కాబట్టి అదే కారణమని మాత్రం అనుకోవద్దు. మంటకు తొడుగు కాలిపోయాక కరెంటున్న తీగలు ఒకదానికొకటి తగిలినా అలాంటి పూసే కడుతుంది.

ఎవరో కావాలనే నిప్పు పెట్టారని తేల్చడానికి కూడా తొందరపడొద్దు. కిటికీ అద్దం మీద సన్నటి పగుళ్ల వల కనిపిస్తే పెట్రోలు పోశారని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. వేడెక్కిన అద్దం మీద నీళ్లు పడినా అవే పగుళ్లు వస్తాయి. గచ్చు పెచ్చులూడటం, నేల మచ్చలు మచ్చలుగా కాలడం కూడా రుజువులు కావు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు చోట్ల నిప్పు మొదలైనట్టు ఉంటే అనుమానం బలపడుతుంది, అదీ పైనుంచి కాలుతున్న వాసం పడి అంటుకోలేదని తేలాకే. నమూనాలు గడప కింద నుంచి, గచ్చు పగుళ్ల నుంచి, కర్ర కోసిన చివర్ల నుంచి తీస్తారు. మూత బిగుసుకునే కొత్త రేకు డబ్బాలో మూడింట రెండొంతులే నింపాలి. మామూలు పాలిథిన్ కవర్లో పెట్రోలు ఆవిరి నిలవదు. అనుమానం లేని చోటు నుంచి పోలికకు మరో డబ్బా ఉండాలి. ఇది పోలీసుల, ఫోరెన్సిక్ వాళ్ల పని, మీరు తవ్వకండి. మీరు చెయ్యాల్సింది ఆ రాత్రి తీసిన ఫోన్ వీడియోలు అసలు ఫోన్లోనే ఉంచమని చెప్పడం. వాట్సాప్‌లో పంపిన కాపీలో అసలు తేదీ, సమయం ఉండవు. సందు చివరి దుకాణం సీసీటీవీ రికార్డింగు కొద్ది రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది, ఆ రోజే కాపీ అడగండి.

ఫిర్యాదులో "అగ్ని ప్రమాదం" అని రాయకండి, "అనుమానాస్పదంగా నిప్పు" అని రాయండి. భారతీయ న్యాయ సంహిత 326(ఎఫ్) కింద నిప్పుతో ఆస్తికి నష్టం చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష. నివాసంగానో, సామాను దాచే చోటుగానో వాడే కట్టడమైతే 326(జి), యావజ్జీవం దాకా. ఖాళీ ఇల్లు కాబట్టి రెండోది వర్తించదనే వాదన వస్తుంది, అందుకే లోపల మంచాలు, బీరువాలు, మగ్గం సామాను ఏవి ఉండేవో జాబితా ఇవ్వండి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు.

"కాలిన దూలం పనికిరాదు" అన్న మాట వినకండి. టేకు, గుగ్గిలం (సాల్) లాంటి గట్టి కర్ర నిమిషానికి దాదాపు అర మిల్లీమీటరు చొప్పున బొగ్గవుతుంది. అరగంట మంటకు ఒక్కో వైపు 15 మి.మీ. 8 అంగుళాల దూలంలో లోపలి కర్ర ఇంకా బలంగానే ఉంటుంది. ఉలితో బొగ్గు చెక్కి, ఆపైన ఇంకో 7 మి.మీ. వదిలేసి మిగిలినది కొలవండి. దూలం చివర గోడలో దిగే గూడు మాత్రం తప్పక చూడాలి. అక్కడ నిప్పు గంటల తరబడి రగిలి మళ్లీ లేస్తుంది.

నగరం వైపు నుంచి నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే: విచారణ నివేదిక వచ్చేదాకా ఆ స్థలానికి కూల్చివేత అనుమతి గానీ, కొత్త ప్లాను గానీ ఇవ్వకూడదు. నిప్పు పెట్టిన మనిషికి ఖాళీ స్థలం దక్కితే మూడో ఇల్లు కూడా కాలుతుంది. దానితో పాటు ఖాళీ ఇళ్ల జాబితా ఫైర్ స్టేషన్‌లో ఉండాలి. అమెరికాలో వూస్టర్ నగరంలో 1999 డిసెంబరు 3న ఖాళీగా ఉన్న శీతల గిడ్డంగి మంటల్లో ఆరుగురు ఫైర్‌మెన్ చనిపోయారు. లోపల మనుషులున్నారేమోనని వెతకడానికి వెళ్లారు వాళ్లు. అక్కడి ఫైర్ కోడ్‌లో ప్రమాదకరమైన ఖాళీ కట్టడాలకు 24 అంగుళాల ఎర్ర పలక పెడతారు: ఒక ఏటవాలు గీత ఉంటే లోపల జాగ్రత్త, ఇంటూ గుర్తుంటే మనుషులున్నారని తెలిస్తే తప్ప లోపలికి వెళ్లొద్దని. మన సందుల్లో అంత పెద్ద పలక దొంగలకు చిరునామా చెప్పినట్టవుతుంది. గుమ్మం పైన చిన్న నంబరు చాలు, వివరాలు స్టేషన్‌లో ఉండనివ్వండి.

ఇంకా కాలని ఖాళీ ఇళ్ల తలుపులు, కిటికీలు మూసేటప్పుడు పాత చౌకట్టుకు మేకు కొట్టొద్దు. అర అంగుళం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ బయట, లోపలా బయటా అడ్డ బద్దలు, వాటిని కలుపుతూ 3/8 అంగుళం మందం, 12 అంగుళాల పొడవు బోల్టులు. గుండ్రటి తల బయటికి, నట్టు లోపలికి ఉంటే బయటి నుంచి విప్పలేరు. పైన గాలికి జాలీతో సందు వదలండి, లేకపోతే చెద పట్టి ఇల్లు దానంతటదే కూలుతుంది. వారసులు విశాఖలోనో సూరత్‌లోనో ఉంటారు, ముందు వాళ్ల అనుమతి ఉత్తరం తెప్పించుకోండి. 1936 దాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కొన్ని పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, పేర్లు అక్కడ దొరకొచ్చు.

వీధి గుమ్మం కన్నా పెరటి తలుపు ముందు మూయండి, ఎండు కొబ్బరాకులు తీసేయండి. పక్కింటితో కలిసిన గోడ అటక పైన కప్పుదాకా వెళ్లిందో లేదో నిచ్చెన వేసి చూడండి. సందు ఉంటే ఈ వారంలోనే ఇటుకలతో పూడ్పించండి, మంట ఇంటి నుంచి ఇంటికి పాకేది అక్కడి నుంచే.