పాత బాయికి కొత్త మోటరు

హనుమకొండ
శుక్రవారం రాత్రి

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు షాపు కట్టేసి ఇంటికొచ్చాక చూశాను. రెండు ఫోన్లు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది, రెండింటికీ కింద గుండ్రటి బటన్. రెండూ ఐఫోన్ ఎస్ఈలే అంటూ జగిత్యాలలో ఒకాయన తెల్లది 9 వేలు, నల్లది 14 వేలు చెప్పాడన్నావు. చూడ్డానికి ఒకేలా ఉంటే 5 వేలు తేడా ఎందుకు మామా అని అడిగావు. మంచి ప్రశ్న. చాలామంది అది అడక్కుండానే కొనేసి, తర్వాత నా కౌంటర్ ముందు నిలబడతారు.

మన తాత తవ్వించిన రాతి బాయి గుర్తుందా? మీ బాపు దుబాయి నుంచి మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు దానికి కొత్త మోటరు బిగించాడు. బాయి అదే, గట్టు అదే, నీళ్లు మాత్రం పైపు ఊడిపోయేంత జోరుగా వచ్చేవి. ఎస్ఈ కథ కూడా అదే. 2016లో మొదటిది వచ్చినప్పుడు ఐఫోన్ 5ఎస్ ఒంట్లో 6ఎస్ చిప్, అంటే ఫోన్‌ను నడిపే మోటరు, పెట్టారు. 2020లో ఐఫోన్ 8 ఒళ్లు, ఐఫోన్ 11లో ఉండే ఏ13 చిప్. 2022లో మళ్లీ అదే 8 ఒళ్లు, ఈసారి ఐఫోన్ 13లో ఉండే ఏ15. పాత డిజైనే వాడుకున్నారు కాబట్టి 2020ది అమెరికాలో 399 డాలర్లకు ఇచ్చారు. మన దగ్గరికి వచ్చేసరికి అది 42,500 రూపాయలైంది. దాన్ని బడ్జెట్ ఫోన్ అన్నారు! అప్పుడు లాక్‌డౌన్, అందరి షట్టర్లూ కిందికే ఉన్నాయి. మా షాపుల వాళ్లం వాట్సాప్‌లోనే నవ్వుకున్నాం.

ఇప్పుడు నీ తెల్ల ఫోన్ సంగతి. దాని ముందు భాగం కూడా తెల్లగానే ఉంది. అక్కడే నాకు అనుమానం. 2020 ఎస్ఈ అయినా, 2022ది అయినా, వెనక ఏ రంగున్నా ముందు వైపు నలుపే. ముందు తెల్లగా వచ్చింది ఐఫోన్ 8లో. వెనక్కి తిప్పి కూడా చూడు. ఎస్ఈలో ఆపిల్ గుర్తు నట్టనడుమ ఉంటుంది, 8లో కొంచెం పైకి ఉంటుంది. అయితే రంగు చూసి తీర్పు చెప్పకు. 8 స్క్రీన్ తెచ్చి ఎస్ఈకి వేసేవాళ్లు ఉన్నారు, ఆ పని నేనూ చేశాను. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే మోడల్ పేరు ఉంటుంది. అక్కడ 8 అని ఉంటే ఫోన్ ఆయన చేతిలో పెట్టి బస్సెక్కెయ్. 8కి కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16తోనే ఆగిపోయింది. అదే ఒళ్లున్న 2020 ఎస్ఈకి 2025లో వచ్చిన ఐఓఎస్ 26 కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఆగిన ఫోన్‌లో ఇవాళ కాకపోతే రేపైనా బ్యాంకు యాప్‌లు మొండికేస్తాయి. బయటి నుంచి చూస్తే కవలలే, ఆయుష్షు మాత్రం వేరు.

నల్లది నిజంగా 2022దైతే మోటరుకు వంక పెట్టలేం. 5జీ కూడా ఉంది, 2020దానికి అది లేదు. కానీ ఎంత మోటరు పెట్టినా బాయిలో ఉన్నన్ని నీళ్లే కదా. 2020 ఎస్ఈ బ్యాటరీ 1821 ఎంఏహెచ్, 2022ది 2018. ఇవాళ కొత్త ఆండ్రాయిడ్‌లలో 5000 మామూలైపోయింది. మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి మీ బాపు రాత్రి బోటిమ్ యాప్‌లో చేస్తాడు. మా అక్క బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌ని నీళ్ల బిందెకు ఆనించి గంటసేపు మాట్లాడుతుంది. ఆ గంటకే ఎస్ఈ బాయి బాగా ఖాళీ అవుతుంది. పొద్దున బీఎడ్ క్లాసుకు పోయే బస్సులో నువ్వు చార్జర్ వెతుక్కుంటావు.

అందుకే బ్యాటరీ హెల్త్ చూడకుండా బేరం మొదలుపెట్టకు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద శాతం కనిపిస్తుంది. 80 కంటే తగ్గితే మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. వాడిన ఫోన్‌లో 100 కనిపిస్తే మురిసిపోకు, బ్యాటరీ ఈమధ్యే మార్చి ఉండొచ్చు. ఏది వేశారో అడుగు. బయటి బ్యాటరీ అయితే అదే అబౌట్‌లో తెలియని పార్ట్ అని రాసి ఉంటుంది.

ఇంక ఆ బటన్. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తలో ఒక కాలేజీ పిల్లాడి 8కి స్క్రీన్ మారుస్తూ తొందరపడ్డాను. బటన్ కింద కాగితం కంటే పల్చటి రిబ్బన్ ఉంటుంది. స్క్రీన్ లేపగానే అది చిరిగింది, చప్పుడు కూడా రాలేదు. వేరే బటన్ వేశాను, హోమ్‌కి పోతోంది కానీ వేలిముద్ర పడదు. వేలిముద్ర ఆ ఫోన్‌తో పుట్టిన బటన్‌కే పనిచేస్తుంది, లోపలి బోర్డుకీ దానికీ ఫ్యాక్టరీలోనే జత కుదురుస్తారు. ఆ పిల్లాడు ఏమీ అనలేదు, వాళ్ల నాన్న అన్నాడు. స్క్రీన్ డబ్బులు వదులుకుని, పైన ఇంకో రెండు వేలు ఇచ్చుకున్నాను.

నువ్వు ఇలా చెయ్. ఫోన్ మొత్తం ఆఫ్ చేసి బటన్ నొక్కు. అసలు బటన్ అయితే రాయిలా ఉంటుంది, కొంచెం కూడా కదలదు. ఆన్ చేసి నొక్కితే టక్‌మంటుంది. అది బటన్ కదలడం కాదు, లోపలి చిన్న మోటరు వేలికి కొట్టే దెబ్బ. ఆఫ్‌లో కూడా కిందికి దిగిందంటే ఎవరో మార్చేశారు. తర్వాత ఆయన ముందే నీ వేలిముద్ర ఎక్కించి, నాలుగుసార్లు తెరిచి చూడు. ఈ ఫోన్లకు ముఖం చూసి తెరుచుకునే ఏర్పాటు లేదు. వేలిముద్ర పోతే ప్రతిసారీ నంబరు కొట్టుకోవాల్సిందే.

డబ్బులిచ్చే ముందు పాత ఓనర్ అకౌంట్ తీసేసి, ఫోన్ మొత్తం ఎరేజ్ చేయించు. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎవరి ఆపిల్ ఐడీ పాస్‌వర్డూ అడక్కూడదు. అడిగితే ఎంత తక్కువకిచ్చినా వద్దు, అది ఇటుకతో సమానం. డయలర్‌లో *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. కేవైఎమ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెట్టు, పోయిందని ఫిర్యాదు ఉన్న దొంగ ఫోనైతే బయటపడుతుంది. బిల్లు మీద అదే నంబరు రాయించుకో. ఆయన సణిగితే సణగనీ.

కెమెరా పగలు బాగుంటుంది, రాత్రి బరాత్ ఫొటోలు మసకే. పౌచ్‌లు కొనకు. 8వి సరిగ్గా సరిపోతాయి, నా దగ్గర ఎవరూ కొనని డబ్బా ఒకటి ఉంది.

నన్నడిగితే, నోట్స్ పీడీఎఫ్‌లు చదవడానికే ఫోన్ అయితే 4.7 అంగుళాల స్క్రీన్ మీద కళ్లు చిట్లించుకోకు, అదే డబ్బుతో కొత్త ఆండ్రాయిడ్ తీసుకో. అరచేతిలో పట్టే ఫోనే కావాలని ఏడాదిగా అంటున్నావు కాబట్టి నల్లది చూడు. పైవన్నీ నిలబడితే 12 దగ్గర బేరం మొదలుపెట్టు, 13 దాటకు. బాపు కాల్స్ మాత్రం దానిమీద వద్దు, అవి అక్క పాత ఫోన్‌లోనే ఉండనీ.

అన్నట్టు ఆ పాత ఫోన్ వెనక మూత పైకి లేచినట్టుందని కింద ఒక ముక్క రాశావు. అది మూత తప్పు కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఇవాళ్టి నుంచే చార్జింగ్ పెట్టకండి, మూత నొక్కి సరిచేద్దామని చూడకండి, బీడీ ఆకు, తంబాకు ఉన్న గదిలో అసలే ఉంచకండి. బాపుకు రెండ్రోజులు నీ ఫోన్‌లోనే మాట్లాడమని చెప్పు. ఆదివారం షాపు ఒంటిగంట దాకే, ఆ లోపు తీసుకొస్తే నువ్వు అన్నం తినేసరికి కొత్త బ్యాటరీ వేసి ఇస్తాను.

మీ మామ