కేసు తరువాత నిద్రకు దూరమైన కొడుకు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది అమలాపురం దగ్గర పల్లె. మా అబ్బాయికి 16 ఏళ్లు. స్నేహితులతో కలిసి మోటారు సైకిలు దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. పోలీసులు రాత్రిపూట వచ్చి తీసుకువెళ్లారు. 20 రోజులు, కేసుల్లో ఉన్న పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోంలో ఉండి, బెయిలు మీద వచ్చి 2 నెలలైంది. నిద్రపోడు, సరిగా తినడు. వీధిలో బండి ఆగితే లేచి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడతాడు. ‘నేను లేకపోతే మీ పరువైనా దక్కేది’ అని వాళ్లమ్మతో అన్నాడు. మానసిక వైద్యుడికి చూపిస్తే కేసుకు ఇబ్బంది అంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ అబ్బాయి తల్లితో అన్న ఆ మాట సంగతి చూడాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అని ఈ రోజే నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. మనసులోది చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నారన్న ధైర్యమే కలుగుతుంది. మన ప్రాంతంలో వరి, చెరువులు ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు చావిట్లోనో, చెరువు గట్టు మీది మకాంలోనో చేతికందేలా ఉంటాయి. వాటిని ఇవాళే తీయించి తాళం వేయండి, అబ్బాయిని కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి. ఆ ఆలోచన ఉందని చెబితే ఆసుపత్రికి తీసుకువెళ్లడం మర్నాటికి వాయిదా వేయవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

బండి చప్పుడుకు లేచి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడడం మొండితనం కాదు. ఆ రాత్రి కూడా బండి మీ వీధిలోనే ఆగింది కదా. ప్రమాదం మళ్లీ వస్తోందని శరీరం అతణ్ణి నిద్ర లేపి, పారిపోయే దారి దగ్గర నిలబెడుతోంది. దీనికి నిద్రలేమి, ఆకలి మందగించడం, తానే భారమనుకోవడం తోడై ఇన్నాళ్లుగా సాగుతున్నాయి గనుక డిప్రెషన్ (కుంగుబాటు) ఉందేమో వైద్యుడు చూడాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కౌన్సెలింగ్‌తో చాలామంది పిల్లలు తేరుకుంటారు. మందులు అవసరమైతే వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తొలి వారాల్లో ఈ వయసువారిని దగ్గరుండి గమనించాలి.

చికిత్స పొందడం నేరం ఒప్పుకోవడం కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తప్పు చేసినట్టు తేలిన పిల్లలను కౌన్సెలింగ్‌కు వెళ్లమని, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డే ఆదేశించవచ్చు. అంటే చట్టం దాన్ని మేలుగానే చూస్తోంది. రోగి వివరాలు గోప్యంగా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అబ్బాయి పరిస్థితిని బోర్డుకు నివేదించే ప్రొబేషన్ అధికారికి, మీ లాయరుకు చికిత్స సంగతి దాచకుండా చెప్పండి. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవల సహాయవాణి 15100కు ఫోన్ చేయండి.

ఇంకొక్కటి, నొచ్చుకోకండి. ‘పరువు’ అన్న మాట ఆ పిల్లవాడి నోటికి ఊరికే రాలేదు. ఇంట్లోనో, చుట్టాల మధ్యనో అది చాలాసార్లు వినే ఉంటాడు. కేసు ప్రస్తావన బోర్డుకు వెళ్లే రోజులకే పరిమితం చేసి, మిగతా రోజుల్లో తోటలో కొబ్బరి దింపుతుంటే లెక్క రాయమనో, గేదెకు గడ్డి వేయమనో చిన్న పని అప్పగించి పక్కన మీరుండండి. ఆసుపత్రిలో మాత్రం మీరు కాసేపు బయట కూర్చుని, వైద్యుడితో అతణ్ణి ఒంటరిగా మాట్లాడనివ్వండి.