పెళుసు ఇంటర్‌మెటాలిక్ (లోహాలు ఒక ఖాయమైన క్రమంలో కలిసిన సమ్మేళనం) స్ఫటికంలో లోపాలుంటే అది సాగడం ఎలా?

ఆ లోపాల వల్లే సాగుతుంది: డిస్లొకేషన్ అనే గీతలాంటి లోపం కదులుతుంటే పరమాణువుల పొర ఒక్కసారిగా కాకుండా వరుస తర్వాత వరుసగా జరుగుతుంది, పందిట్లో పరిచిన జంపఖానాని మొత్తంగా లాగలేక ఒక చివర ముడత లేపి తోసుకుంటూ పోయినట్టు. ఇంటర్‌మెటాలిక్‌లో చిక్కేంటంటే, ఏ పరమాణువు పక్కన ఏది ఉండాలో ఖాయం, ఆ ముడత వెళ్లిన దారిలో అమరిక చెదురుతుంది కాబట్టి అది అంత సులువుగా కదలదు.

టైటానియం అల్యూమినైడ్‌నే తీసుకోండి. అందులో డిస్లొకేషన్లు కొన్ని దిక్కుల్లోనే తేలిగ్గా జారతాయి, మిగతా లోటును ట్విన్నింగ్ కొంత తీరుస్తుంది, అంటే స్ఫటికంలో ఒక భాగం అద్దంలో ప్రతిబింబంలా ఒరుగుతుంది. అయినా గది ఉష్ణోగ్రతలో సాగేది 1–2 శాతమే. ఆ కాస్తతోనే జీఈఎన్‌ఎక్స్ విమాన ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడ్లుగా పనిచేస్తోంది.

లోపమే లేని స్ఫటికం ఇంకా బాగా సాగుతుందనుకోవడం పొరపాటు. పగుళ్లు, బుడగలు వేరు, అవి విరగ్గొడతాయి. డిస్లొకేషన్లు కదలకపోతే మాత్రం ఒత్తిడి పెరిగి పెరిగి ముక్క ఫట్‌మని విరుగుతుంది.